భూమి ఎదురు రాదు బావగారూ!

మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వారంగా ఒకటే సందేశం చక్కర్లు కొడుతోంది. "బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి నిజానికి రెండున్నర గంటలే! మధ్యాహ్నం 2కి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి దిగుతారు, టికెట్ చూడండి. భూమి ఎదురొస్తుంది మరి. తిరిగి రావడానికి మాత్రం 30 గంటలు. పైగా పసిఫిక్ మీదుగా తిన్నగా పోకుండా ఉత్తరానికి తిప్పి డబ్బు గుంజుతున్నారు."

పంపింది మా బావగారు. సంక్రాంతికి కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. రెండున్నర గంటలేగా అని బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో పడేస్తారేమోనని నా బెంగ.

ముందు టికెట్ సంగతి. దాని మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. 2 గంటలకు బయలుదేరి 16 గంటలు ఎగిరితే మనకు మర్నాడు ఉదయం 6, వాళ్లకింకా నిన్న సాయంత్రం నాలుగున్నర. తిరుగు ప్రయాణంలో ఆ అప్పు తీరుతుంది, అంతే. 2021 జనవరి 9న అక్కడ ఎక్కినవాళ్లు 11 తెల్లవారుజామున మన బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలో దిగారు. అందరూ మహిళా పైలట్లే నడిపిన ఎయిర్ ఇండియా విమానం అది, వాళ్లలో మన కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. క్యాలెండర్లో రెండు రోజులు, గాల్లో దాదాపు 17 గంటలు.

ఇక భూమి ఎదురు రావడం. మన అక్షాంశం దగ్గర నేల గంటకు 1,600 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తూర్పుకు తిరుగుతోంది. విమానం వేగం 900. కింద నేల జారిపోయేదే అయితే, మనకు తూర్పునున్న చెన్నైని ఏ విమానమూ జన్మలో అందుకోలేదు! గంటలోపే దిగుతున్నాం కదా. గాలీ, గాల్లోని విమానమూ భూమితో పాటే తిరుగుతాయి. రానుపోను సమయాల్లో గంటో రెండు గంటలో తేడా ఉంటే అది పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ పని. ఆ గాలి దిశకు భూభ్రమణమూ ఒక కారణమే, ఒప్పుకుంటాను. కానీ అది దొడ్డిదారి సంబంధం.

వంకర దారి ఆరోపణే నాకు అన్నిటికన్నా ఇష్టం. గోడ మీది మ్యాపులో రెండు ఊళ్లకూ స్కేలు పెట్టి గీత గీస్తే ఆ దారి సుమారు 16,100 కిలోమీటర్లు. అదే గ్లోబు మీద దారం బిగించి లాగండి. అది చైనా, సైబీరియాల మీదుగా దాదాపు 71 డిగ్రీల ఉత్తరం దాకా ఎక్కి, అలాస్కా వైపు నుంచి దిగుతుంది. పొడవు 14,000 కిలోమీటర్లే. వంకర మ్యాపుది, దారిది కాదు. గుండ్రటి భూమిని చదును చేస్తే ధ్రువాల వైపు సాగిపోతుంది మరి. గాలివాటాన్ని బట్టి పైలట్లు ఈ గీతకు అటూ ఇటూ జరుగుతారు. విమాన సంస్థకు పెద్ద ఖర్చే ఇంధనం. రెండు వేల కిలోమీటర్లు ఊరికే తిప్పితే ముందు మునిగేది వాళ్లే.

పిల్లల గ్లోబు మా ఇంట్లో ఉంది, సాయంత్రం రండి. దారం నేనే పట్టుకుంటాను. మాత్రలు మాత్రం చేతిసంచీలో పెట్టుకోండి.