మంత్రిగారి పేరున్న డెక్క

కాలువలో గుర్రపు డెక్క తీయించండి మహాప్రభో అని శివారు రైతులు ఏటా గోల పెడతారు. అది ఎంత పెద్దింటి మొక్కో తెలియక చేసే గోల.

దాని శాస్త్రీయ నామం ఐకార్నియా క్రాసిపెస్. మొదటి ముక్కకు లాటిన్ వేషం వేశారు గానీ, అది ఒక మంత్రిగారి ఇంటిపేరు. 1840ల్లో కుంత్ అనే బెర్లిన్ వృక్షశాస్త్రవేత్త, ప్రష్యా విద్యామంత్రి ఐకార్న్ గారి పేరు పెట్టాడు. మంత్రిగారు పదవిలో ఉండగానే! కాకా పట్టడం మన జిల్లాలో పుట్టిన విద్య అని గర్వపడేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

రెండో ముక్క అసలు సిసలు లాటిన్. క్రాసుస్ అంటే లావు, పెస్ అంటే పాదం. ఆకు తొడిమ చూడండి, బుడగలా ఉబ్బి ఉంటుంది. నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. చీల్చి చూస్తే స్పాంజిలా అన్నీ గాలి గదులే. లోపల గాలి పెట్టుకుని పైన తేలడం మంత్రిగారి పేరున్న మొక్కకు ఎవరైనా నేర్పాలా?

ఇంతటి ప్రముఖుణ్ణి కాలువలోంచి లేపాలంటే ప్రోటోకాల్ ఉండొద్దూ! అందుకే వేసవిలో కాలువలు కట్టేయగానే అంచనాలు, టెండర్లు, ఫొటోలు. పొక్లెయిన్‌తో తీసిందంతా దూరంగా పారేస్తే మర్యాద కాదని గట్టు మీదే కుప్ప పోస్తారు. వానలు పడగానే ఆయన జారుకుంటూ మళ్లీ కాలువలోకి దిగిపోతారు. లాకుల దగ్గర నాలుగు మొక్కలు మిగిలినా చాలు, నీళ్లు పడితే రెండు వారాల్లో రెట్టింపవుతారు. బిల్లులకూ ఈ గుణం ఎలా అబ్బిందో శాస్త్రవేత్తలు తేల్చాలి. ఇక బురదలో పడిన విత్తనాలంటారా, ఏళ్ల తరబడి ఓపిగ్గా కాచుకుని ఉంటాయి, పెండింగ్ ఫైళ్లలా.

కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది పొలాలకు నీళ్లివ్వడానికే అని రైతులు ఇంకా నమ్ముతున్నారు, పాపం. అమెజాన్ నుంచి ఇంత దూరం వచ్చిన అతిథి ఎక్కడుండాలట?

ఇంతలో ఒక పిడుగు. 2018లో వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్కను పాంటెడేరియా ప్రజాతిలో కలిపేశారు, దాంతో పేరులో మొదటి ముక్క మారిపోయింది. పాంటెడేరా ఇటలీ వృక్షశాస్త్రవేత్త, ఏ మంత్రీ కాదు. ఐకార్న్ గారి పదవి ఊడింది, లావు పాదం మాత్రం కదల్లేదు.

శాఖవారు కంగారు పడనక్కర్లేదు. పాత టెండరులో తీయాల్సింది ఐకార్నియాను. ఇప్పుడు కాలువ నిండా ఉన్నది పాంటెడేరియా. అంటే పాత పని నూరు శాతం పూర్తయినట్టే, ఫైనల్ బిల్లు పెట్టేయొచ్చు. కొత్త మొక్కకు కొత్త అంచనా వేయాలి.