ఆజ్ఞ ఆయనకి, బల్ల ఆవిడకి

పిల్లల్ని కనమన్న ఆజ్ఞ మగవాడికే గానీ ఆడవారికి కాదని యూదుల ధర్మశాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. అంత బరువు మోస్తున్న మహానుభావుణ్ణి, పిల్లలు పుట్టడం లేదని పరీక్షలంటూ ఇబ్బంది పెట్టడం భావ్యమా? అందుకే, ఆచారం పాటించే జంటలు అనుమతి అడిగే రబ్బీల్లో, అంటే యూదు మతగురువుల్లో, చాలామంది వరస ఇది: ముందు ఆవిడ రక్తం, ఆవిడ స్కానింగు, ఆవిడ గర్భాశయంలోకి రంగుమందు ఎక్కించి ట్యూబుల ఎక్స్‌రే. అన్నీ బాగున్నాయంటే అప్పుడు ఆయన సంగతి. సంతానం లేని జంటల్లో ఇంచుమించు సగం మందికి మగవాడి లోపమూ తోడవుతుందన్నది చిల్లర విషయం.

ఆయన వీర్యపరీక్ష చివరికి నెట్టడానికి కారణం బైబిలు ఆదికాండం 38. అందులో ఓనాను అనేవాడు వీర్యాన్ని నేలపాలు చేసి, దేవుడి కోపానికి ప్రాణం పోగొట్టుకున్నాడు. నమూనా పట్టే ల్యాబు డబ్బా కూడా నేలతో సమానమే.

సరే, రబ్బీ అనుమతి వచ్చింది. ఇక చూడండి తమాషా. చేత్తో కూడదు, కాపురంలోనే తొడుగుతో పట్టాలి. మామూలు కండోమ్ పనికిరాదు, దాని పూతలు శుక్రకణాల్ని చంపేస్తాయి. దీనికని వేరే తొడుగు. దానికి సూదితో ఓ బెజ్జం! చుక్కయినా లోపలికి పోయే వీలుంటే వృథా కాదట. కారిపోయినంతా లెక్కలో తగ్గుతుంది, అది వేరే సంగతి. ల్యాబు వాళ్లేమో నమూనాకి ముందు 2 నుంచి 7 రోజుల ఎడం ఉండాలంటారు. ధర్మశాస్త్రమేమో బహిష్టుకి కనీసం 5 రోజులు, ఆపై రక్తం కనబడని 7 శుద్ధ దినాలు, మిక్వే అనే స్నానపు కొలనులో మునక, అప్పటిదాకా కలయిక లేదంటుంది. అప్పటికే 12 రోజుల ఎడం, కాబట్టి ఆ మొదటి రాత్రి ల్యాబుకి దండగ. శుక్రవారం పొద్దుగూకితే శనివారం చీకటి పడేదాకా సబ్బాతు విశ్రాంతి, బండెక్కరాదు. పగలు కలవకూడదు, గది చీకటి చేస్తే ఫర్వాలేదు. నమూనా గంటలో చేరాలి, ఒంటివేడి తగ్గకుండా. అంటే పట్టపగలు తెరలు దించి, పని కానిచ్చి, డబ్బా చంకలో పెట్టుకుని సంజీవని తెస్తున్న హనుమంతుడిలా పరుగు.

ఇంత శ్రమ ఆయనకెందుకని మరో దారి ఉంది: కలయిక తర్వాత ఆవిడ గర్భాశయ ముఖద్వారం నుంచి జిగురు తీసి, కణాలు కదులుతున్నాయా అని చూడటం. నమ్మకం చాలక డాక్టర్లు చాలావరకు వదిలేసిన పరీక్ష. ఆయన వీర్యం చూడ్డానికీ బల్లెక్కి కాళ్లు చాపాల్సింది ఆవిడేనా? సిగ్గుండక్కర్లేదూ? ఆ ట్యూబుల ఎక్స్‌రే కూడా సరిగ్గా శుద్ధ దినాల్లోనే పడుతుంది. ఆవగింజంత రక్తం కనబడితే అది గాయానిదా, గర్భాశయానిదా, 7 రోజులూ మళ్లీ మొదలా అని రబ్బీ గుమ్మం ఎక్కే అవస్థా ఆవిడదే. డబ్బా పరీక్షకి మొదట్లోనే సరేననే రబ్బీలు లేకపోలేదు. వాళ్ల దగ్గరికి పోవచ్చుగా!

మనవాళ్లు కిసుక్కున నవ్వక్కర్లేదు. మనకి ఓనాను లేడు, బెజ్జం అక్కర్లేదు, ల్యాబు వీధి చివరే ఉంది. అయినా స్కానింగు గది బయట అత్తగారి పక్కన కూర్చునేది కోడలే. కొడుకు కింద బండి మీద ఫోను చూసుకుంటుంటాడు.