ఇంగ్లండ్‌లోని బాత్ ఊరి వేడినీళ్ళ అమ్మవారికి

అమ్మా సూలిస్ మినర్వా తల్లీ,

ఉభయకుశలోపరి. నీకు ఉత్తరం రాయడం నాతో మొదలు కాదులే. రోమన్ల కాలంలోనే జనం సీసం రేకుల మీద మొరలు గీకి, నీ ఊటలో పడేసేవాళ్ళు. అలాంటివి 130 దాకా బయటపడ్డాయి. డోసిమెడిస్ అనే ఆయనవి రెండు గ్లౌజులు పోయాయట. తీసినవాడికి మతీ, కళ్ళూ రెండూ పోవాలని మొరపెట్టుకున్నాడు. ఇంగ్లండ్ చలి ఎరిగినవాణ్ణి కనక ఆయన్ని తప్పుపట్టను.

నా మొర తిండి గురించి.

వేల ఏళ్ళ కిందట కురిసిన వాన నువ్వు. భూమిలోకి కిలోమీటర్ల లోతు దిగి, అక్కడ కాగి, 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల 70 వేల లీటర్ల చొప్పున పైకి వస్తున్నావు. ఇంత దూరం నుంచి వచ్చావు కదా, నీ ముంగిట్లో ఏం జరుగుతోందో చూశావా? టీ పార్టీ.

పంప్ రూమ్ అని, 18వ శతాబ్దం చివర్లో నిన్ను తాగడానికే కట్టిన హాలు అది. ముందు గోడ మీద గ్రీకులో ‘అన్నిటికన్నా నీరే శ్రేష్ఠం’ అని చెక్కించారు. ఆ అక్షరాల కింద నుంచి లోపలికి వెళితే తెల్ల గుడ్డ పరిచిన బల్లలు, ఓ పక్క సంగీతం, అంతస్తుల స్టాండ్ల మీద శాండ్‌విచ్‌లు, స్కోన్లు, కేకులు. నీరే శ్రేష్ఠం, టీ కాచుకోవడానికి.

నాలుగడుగులు వేస్తే శాలీ లన్ ఇల్లు. 1482 నాటిదని చెబుతారు. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ఓ అమ్మాయి ఇక్కడ బన్ను చేయడం మొదలుపెట్టిందని ఓ కథ. కథకు సాక్ష్యం లేదు, బన్నుకు మాత్రం క్యూ ఉంది. ఆ బన్ను ఎంత పెద్దదంటే సగమే వడ్డిస్తారు. కింది సగం మీద ఉప్పూకారాల వంటకం, పై సగం మీద తీపి. గుడికి వెళ్ళి తీర్థం అరచేతిలో తడి చేసుకుని పులిహోర దగ్గర దొన్నె చాచే మా వాళ్ళు గుర్తొచ్చారు.

డాక్టర్ విలియం ఆలివర్‌ని తలుచుకుంటే మరీ జాలేస్తుంది. తిని తిని కీళ్ళు పట్టేసిన దొరలు నయం చేసుకుందామని నీ దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళ కోసం ఆయన 1750 ప్రాంతంలో చప్పటి బిస్కెట్ ఒకటి తయారుచేశాడంటారు. పథ్యం బిస్కెట్! జనం దాని మీద చీజ్ పెట్టుకు తిన్నారు. తర్వాతివాళ్ళు ఏకంగా మందపాటి చాక్లెట్ పూత వేశారు.

ఇక నా సంగతి. దాచడం దేనికి, నేనూ ఓ గ్లాసు పట్టుకున్నాను. నీలో 43 ఖనిజాలున్నాయట, నా నాలుకకు ఒక్కోటీ విడివిడిగా తగిలింది. రెండు గుక్కలు మింగి, ఎవరూ చూడకుండా మిగతాది పారబోశాను. సగం బన్ను మాత్రం పొడి కూడా వదల్లేదు.

ఎవరైనా చూసి నా పేరు రేకు మీద గీకి నీలో పడేస్తే, తల్లీ, ఒక్క మనవి. మతి ఎలాగూ బన్ను దగ్గరే పోయింది. కళ్ళు వదిలెయ్యి, మెనూ చదువుకోవాలి.

ఇట్లు,
బ్రిస్టల్ నుంచి రైలెక్కి వచ్చిన నీ భక్తుడు