కొత్త పిస్టల్‌తో వచ్చిన ఆ చిన్న కవరు పారేయకండి

అమెరికాలో కొత్తగా గ్లాక్ కంపెనీ పిస్టల్ కొన్న మనవాళ్లు చాలామంది డబ్బా తెరవగానే అడిగే ప్రశ్న ఇదే: "లోపల చిన్న కాగితపు కవరు ఉంది, అందులో కాల్చేసిన రెండు కేసింగులు (తూటా పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాలు) ఉన్నాయి. ఎవరో వాడిన తుపాకి అంటగట్టారా?" లేదండీ. ఫ్యాక్టరీలో పరీక్షకు కాల్చినవి. కవరు మీద ఉండే సీరియల్ నంబరు మీ తుపాకి ఫ్రేమ్ మీది నంబరుతో సరిపోవాలి. ముందు అది చూసుకోండి. సరిపోకపోతే కొట్టు దాటకముందే అడగండి.

ఇక దాన్ని ఉంచాలా, పారేయాలా? ఉంచండి, అదీ సీలు విప్పకుండా. "కేసింగ్ మీద తుపాకి వదిలే ముద్రలతో ప్రభుత్వం మన జాడ తీస్తుంది" అన్న భయంతో చెత్తబుట్టలో వేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అమ్మిన తుపాకుల కేసింగులు సేకరించి, ముద్రలతో జాడ తీసే పద్ధతి పెట్టి చూసిన రాష్ట్రాలే దాన్ని వదిలేశాయి. మేరీల్యాండ్ 2000లో చట్టం చేసి, కొత్తగా అమ్మిన ప్రతి హ్యాండ్‌గన్‌కూ ఒక కేసింగ్ సేకరించింది. పదిహేనేళ్లలో 3 లక్షలకు పైగా పోగయ్యాయి, ఖర్చు దాదాపు 50 లక్షల డాలర్లు. దర్యాప్తుకు 26 సార్లు అక్కరకొచ్చాయన్నారు గానీ, ఆ ప్రతి కేసులోనూ ఏ తుపాకి కోసం వెతుకుతున్నారో పోలీసులకు ముందే తెలుసు. 2015లో చట్టం ఎత్తేశారు. న్యూయార్క్ 2012లోనే ఆపేసింది.

ఎందుకు పనిచేయలేదో కేసింగ్ అడుగు చూస్తే అర్థమవుతుంది. ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట, దాని చుట్టూ బ్రీచ్ ఫేస్ (కేసింగ్ అడుగు ఆనుకునే తుపాకి భాగం) గీతలు, అంచున ఖాళీ కేసింగ్‌ను లాగి బయటికి విసిరే ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ల గాట్లు ఉంటాయి. పాత గ్లాక్ అయితే గుంట గుండ్రంగా కాకుండా కోలగా, చుట్టూ దీర్ఘచతురస్రపు గీతతో ఉంటుంది. చూడగానే గ్లాక్ అని చెప్పేయొచ్చు గానీ, లక్షల గ్లాకుల్లో ఏదో చెప్పడమే కష్టం. ప్రైమర్ లోహం ఒక్కో బ్రాండుకు ఒక్కో గట్టిదనం, దాంతో ముద్ర లోతు మారుతుంది. కాలిఫోర్నియాలో దాదాపు 800 పిస్టళ్లతో పరీక్షిస్తే, ఒకే రకం తూటాలు వాడినా 38 శాతం సార్లు అదే తుపాకి నుంచి వచ్చిన అసలు జోడీ కేసింగ్ కంప్యూటర్ ఇచ్చిన మొదటి 15 పోలికల్లో లేదు. తూటా బ్రాండు మారిస్తే 62 శాతం! పైగా ఫైరింగ్ పిన్ మార్చుకోవడం నిమిషాల పని. రివాల్వర్ అయితే కేసింగులు సిలిండర్‌లోనే ఉండిపోతాయి, నేరం జరిగిన చోట దొరికేవే తక్కువ.

అయితే ఒకే తుపాకిని ఒకే కేసింగ్‌తో పోల్చడం వేరు సంగతి. అక్కడ ఈ ముద్రలకు నిజంగా విలువుంది. మీ పిస్టల్ దొంగల పాలైతే ఆ తుపాకి ముద్ర మిగిలేది ఈ కవరులోనే. సీరియల్ నంబరుతో పోలీసులకు ఫిర్యాదు చేసేటప్పుడు కవరు కూడా ఉందని చెప్పండి. తీసుకోవడం, తీసుకోకపోవడం వాళ్ల చేతుల్లో ఉంటుంది. విప్పి చేత్తో తడిమిన కేసింగ్ ఈ తుపాకిదేనని మీ మాట తప్ప రుజువేముంది? అందుకే సీలు విప్పొద్దనేది. రీలోడింగ్‌కు (ఖాళీ కేసింగ్‌లో మళ్లీ మందు, తూటా నింపడానికి) వాడేద్దామనుకునేవాళ్లకు కూడా ఇదే మాట, ఒక 9 ఎంఎం ఖాళీ ఇత్తడి విలువ కొన్ని సెంట్లే. అమ్మేటప్పుడు డబ్బా, కాగితాలు, కవరు అన్నీ ఉంటే కొనేవాడికి నమ్మకం. కవరు తుపాకితోనే వెళ్లిపోవాలి, మీ ఇంట్లో మిగలకూడదు. మసాచుసెట్స్‌లో అయితే ఖాళీ కేసింగ్‌ను కూడా చట్టం అమ్యునిషన్ (మందుగుండు) కిందే లెక్కేస్తుంది.

దాచడం తేలికే. కొనుగోలు రసీదుతో కలిపి కాగితాల ఫైల్లో పెట్టండి, తుపాకి ఉన్న సేఫ్‌లో వద్దు. దొంగ సేఫ్ ఎత్తుకుపోతే రెండూ పోతాయి. గాలాడని ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి ఇత్తడి నల్లబడుతుంది. కాగితపు కవరే మేలు, పక్కన ఒక సిలికా జెల్ పొట్లం చాలు.

రేంజ్ బ్యాగులో (షూటింగ్ సాధనకు తీసుకెళ్లే సంచిలో) మాత్రం అస్సలు వేయొద్దు. అదే బ్యాగు సర్దుకుని ఇండియాకు బయల్దేరేవాళ్లు మనలో చాలామంది. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో ఒక్క తూటా బయటపడితే 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు. అది బ్యాగులో ఉందని తెలియదని నిరూపించుకోవడానికి హైకోర్టు మెట్లెక్కినవాళ్లు ఉన్నారు. ఖాళీదే కదా అని స్కానర్ దగ్గర వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. ప్రయాణానికి ముందు బ్యాగు జేబులన్నీ తిరగేసి దులపండి, అడుగు అట్ట కిందా, జిప్పు మడతల్లోనూ వేలు పెట్టి చూడండి.