జారిపడితే లక్షలు రావు: ఇంగ్లండ్ క్లెయిముల మెసేజ్‌కు జవాబు

ఇంగ్లండ్‌లోని మన తెలుగు గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. షాపులో జారిపడితే లక్షలు వస్తాయట. కారును వెనకనుంచి ఎవరైనా గుద్దితే మెడనొప్పి అని చెప్పాలట, నొప్పి ఎంత పెంచి చెప్తే అంత డబ్బట. ఓడిపోయినా మన జేబులోంచి పైసా పోదట. ఇంత చదువుకున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచించకుండా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఒళ్ళు మండుతోంది. కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన పిల్లలు ఇదంతా నిజమే అనుకుంటున్నారు.

ముందు జారిపడటం సంగతి. లివర్‌పూల్‌లోని టెస్కోలో ఒకావిడ నేలమీద ఒలికిన యోగర్ట్ మీద కాలేసి పడింది. రోజుకు ఐదారుసార్లు ఊడుస్తామని షాపు చెప్పుకుంది. కానీ మూడు వారాల తర్వాత ఆవిడ మళ్ళీ అదే షాపుకు వెళ్తే, ఆరెంజ్ జ్యూస్ ఒలికి పావుగంట దాకా ఎవరూ తుడవలేదు. ఒలికినవాటిని వెంటనే చూసి తుడిచే ఏర్పాటు ఉందని షాపు చూపించలేకపోయింది కాబట్టి 1976లో అప్పీలు కోర్టు ఆవిడ వైపే తీర్పిచ్చింది. అదే ఎవరు ఎప్పుడు తుడిచారో సంతకాలతో సహా షాపువాళ్ళు షీటు తెచ్చి చూపిస్తే, మీరు నిజంగానే పడినా కేసు నిలవకపోవచ్చు. ఇంతకీ ఆవిడకు వచ్చింది 137 పౌండ్ల 50 పెన్నీలు. ఆనాటి రూపాయి విలువ వేరే అనుకున్నా సరే, మెసేజ్‌లోని లక్షలు ఇందులో ఎక్కడున్నాయి?

'వెట్ ఫ్లోర్' బోర్డు పెడితే షాపుకు ఇక ఏ బాధ్యతా ఉండదన్నది తప్పు. ఆ బోర్డు చూసి మనిషి జాగ్రత్తపడటానికి వీలుండాలని 1957 నాటి చట్టమే చెబుతోంది. 'గాయమైతే మాకు సంబంధం లేదు' అని గోడకు రాసి పెట్టుకున్నా నిర్లక్ష్యం వల్ల అయిన గాయానికి అది చెల్లదు. 'సారీ' అంటే తప్పు ఒప్పుకున్నట్టే అన్నదీ తప్పే. క్షమాపణ చెప్పినంత మాత్రాన బాధ్యత ఒప్పుకున్నట్టు కాదని 2006 నాటి చట్టంలో రాసే ఉంది. 'మూడేళ్ళు టైముంది, తీరిగ్గా చూసుకోవచ్చు' అంటున్నారు. గాయాల కేసు మూడేళ్ళలోగా కోర్టులో వెయ్యాలన్నది మామూలు గడువే, కానీ షాపు సీసీటీవీ రికార్డింగ్ అన్నాళ్ళు మీకోసం ఆగదు. లాయరు ఫీజు సున్నా అన్నది కూడా సగం నిజమే. గెలిస్తే, అప్పటిదాకా జరిగిన నష్టానికీ నొప్పికీ వచ్చిన డబ్బులో 25 శాతం దాకా సక్సెస్ ఫీజు కింద పోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు. "నొప్పి కొంచెం పెంచి చెప్పండి, ఫ్రెండు కూడా కార్లో ఉన్నాడని రాయండి, పోయేదేముంది" అన్న లైను ఒక్కటీ ఒక ఎత్తు. ఇది రాసినవాళ్ళకు చట్టం తెలియదు, ఎదుటివాళ్ళ బతుకు మీద దయా లేదు.

పోయేదేముందో చెప్తాను. 2015లో అమల్లోకి వచ్చిన చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, క్లెయిము మూలంలోనే మోసం ఉందని తేలితే కోర్టు మొత్తం క్లెయిమును కొట్టేస్తుంది. అలా కొట్టేస్తే క్లెయిము వేసినవాళ్ళకే తీరని అన్యాయం జరుగుతుందని కోర్టు అనుకుంటే తప్ప, నిజంగా తగిలిన దెబ్బకు రావాల్సింది కూడా రాదు. కార్లో లేని ఫ్రెండును ఉన్నాడని మీరు సాక్ష్యం చెప్తే, అతని దొంగ క్లెయిముతో పాటు మీ నిజమైన క్లెయిము కూడా పోతుంది. మామూలుగా గాయాల కేసు ఓడిపోయినవాళ్ళ మీద అవతలి పక్షం ఖర్చులు పడకుండా ఒక రక్షణ ఉంటుంది. మోసం బయటపడితే అదీ పోతుంది. కాగితాల మీద 'ఇందులో రాసిందంతా నిజం' అని సంతకం పెట్టింది మీరే కదా? తెలిసి అబద్ధానికి సంతకం పెడితే కోర్టు ధిక్కారం, రెండేళ్ళ దాకా జైలు. వంగలేనని రాసిచ్చి, మర్నాడు జిమ్‌లో బరువులెత్తే వీడియో ఇన్‌స్టాలో పెడితే ఇన్సూరెన్స్ వాళ్ళు చూడరా?

ఇంత తెగించి సంపాదించేది ఎంత? కారు ప్రమాదంలో వచ్చిన మెడనొప్పికి పరిహారం ఇంగ్లండ్, వేల్స్‌లలో, నొప్పి ఎన్నాళ్ళుందో దాన్నిబట్టి ప్రభుత్వం నిర్ణయించిన టేబుల్ ప్రకారమే ఇస్తారు. 2021 మే 31న అది మొదలైనప్పుడు, కార్లో ఉన్న పెద్దవాళ్ళకు మూడు నెలల్లో తగ్గే నొప్పికి 240 పౌండ్లు. 2025లో కాస్త పెంచారు. మెడికల్ రిపోర్టు లేకుండా సెటిల్ చేసుకోవడానికే వీల్లేదు. ఇక్కడ మెసేజ్ రాసినవాళ్ళతో ఒక విషయంలో ఏకీభవిస్తాను: నిజంగా నిద్రపట్టక అవస్థపడినవాళ్ళకు 240 పౌండ్లు అవమానమే. ఆ కోపం న్యాయమైనదే. దానికి అబద్ధం మందు కాదు.

వాళ్ళ సలహాల్లో మరొకటి కూడా ఒప్పుకోవాలి. పడిన వెంటనే ఫోటోలు తీసి, షాపు యాక్సిడెంట్ బుక్‌లో రాయించి, డాక్టరుకు చూపించుకోమన్నారు. తప్పక చెయ్యండి. వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేసే పిల్లలు మరీ ముఖ్యంగా. కంపెనీలు తమ దగ్గర పనిచేసేవాళ్ళ గాయాలకు ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందేనని 1969 నాటి చట్టం చెబుతోంది.

చివరి పాయింటు చదివితే మాత్రం కడుపు మండింది: "ఎవరైనా పోతే ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకు కోట్లు." ఇంగ్లండ్‌లో, నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే, దుఃఖానికిచ్చే పరిహారం 2020 మే నుంచి 15,120 పౌండ్లు. అది భార్యకో భర్తకో, రెండేళ్ళుగా కలిసి బతుకుతున్న భాగస్వామికో వస్తుంది. తల్లిదండ్రులకు రావాలంటే పోయిన బిడ్డకు 18 ఏళ్ళు నిండి ఉండకూడదు. ఇరవై మూడేళ్ళ కొడుకును పోగొట్టుకున్న అమ్మానాన్నలకు ఆ పద్దు కింద ఒక్క పౌండు కూడా రాదు. అదే ప్రమాదం స్కాట్లండ్‌లో జరిగితే వాళ్ళు తమ దుఃఖానికి విడిగా అడగొచ్చు. ఇది నాకు ఘోరంగానే అనిపిస్తుంది, కానీ ఇవాళ్టికి చట్టం ఇదే.

ఇంగ్లండ్‌లో వాళ్ళకు ఉన్న దారి 1976 నాటి చట్టం కింద, ఆ బిడ్డ సంపాదన మీద తాము ఆధారపడ్డామని చూపించి అడగడం. అంత్యక్రియల ఖర్చు కూడా అడగొచ్చు. ఆధారపడ్డామని చూపించాలంటే ఇంటికి డబ్బు పంపిన లెక్క కావాలి. నెలనెలా పంపేది చేతిమీదుగా కాకుండా బ్యాంకు ద్వారానే పంపమని మీ పిల్లలకు చెప్పండి, ఆ స్టేట్‌మెంట్లు ఇంట్లో దాచిపెట్టండి.