డేట్ ముందే ఫిక్స్.. ఇక ఎస్టిమేట్ ఎందుకు?

"ఎన్ని రోజులు పడుతుంది?" అని అడుగుతాడు టీమ్ లీడ్. కుర్రాడు కాస్త ఆలోచించి "ఐదు" అంటాడు. "మూడు వేస్తున్నా" అని లీడ్ షీట్‌లో ఎక్కించేస్తాడు. మాదాపూర్‌లో చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఎస్టిమేషన్ అంటే ఇదే. క్లయింటుకు తేదీ ఎప్పుడో చెప్పేశారు, దానికి సరిపడా అంకెలు ఇప్పుడు పేరుస్తున్నారు. ఆలస్యమైతే మాత్రం "మనవాళ్లకు అంచనా వేయడం రాదు" అంటారు. ఇది అంచనా కాదు, బేరం.

మనసుపెట్టి వేసినా తప్పుతుంది, కాదనను. నేను పనిచేసిన ఒక చోట, ఫారంలో ఇంటిపేరుకు వేరే గడి పెట్టమన్నారు. రెండు రోజుల పని అన్నది నేనే. గడి మధ్యాహ్నానికే వచ్చేసింది. పాత రికార్డులు తెరిస్తే ఒకరికి ముందు పొడి అక్షరాలు, ఇంకొకరికి ఇంటిపేరు చివర. తమిళనాడు వాళ్లలో చాలామందికి ఇంటిపేరే లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరం ఉంది. ఎక్కడ విడగొట్టాలి? అది తేలేలోపు, రోజూ రాత్రి బ్యాంకుకు వెళ్లే ఫైల్ ఒకటి బయటపడింది. అందులో పేరుకు ఇన్ని అక్షరాలే అని ఎవరో పదేళ్ల కిందట రాసి, డాలస్ వెళ్లిపోయారు. మొత్తం ఐదు వారాలు పట్టింది. కోడ్ రాసింది మహా అయితే నాలుగు రోజులు. మిగతాదంతా ఏం రాయాలో తెలుసుకోవడానికే పోయింది.

"తేదీ లేకపోతే వ్యాపారం ఎలా? ఇల్లు కట్టే మేస్త్రీ చెప్పడం లేదా?" అంటారు. బడ్జెట్‌కు తేదీ కావాలి, నిజమే. మేస్త్రీ కూడా అన్నమాట తప్పుతాడనుకోండి, ఆ సంగతి వదిలేద్దాం. కానీ అతను అలాంటి స్లాబులు వంద వేశాడు. నూట ఒకటోదానికీ సిమెంటు మళ్లీ కలపాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి రాసింది నిమిషంలో కాపీ అవుతుంది. అచ్చంగా అదే మళ్లీ కావాలంటే డబ్బిచ్చి ఎవరూ రాయించుకోరు. రాయించుకుంటున్నారంటే, అందులో ఇంతకుముందు ఎవరూ చేయనిదో, చేసినా వీళ్ల పాత సిస్టమ్‌కు అతకనిదో ఉన్నట్టే. మన చేతికొచ్చేది ఎప్పుడూ ఆ తెలియని ముక్కే. దానికి రోజులు లెక్కగట్టమంటే, తవ్వకముందే ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయో చెప్పమన్నట్టు. బోరు వేసేవాళ్లు అడుగుకు ఇంత అంటారు తప్ప నీళ్లకు హామీ ఇవ్వరు. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు.

ఆదాయపు పన్ను కొత్త పోర్టల్ గుర్తుందిగా? ఇన్ఫోసిస్‌కు 2019లో ఇచ్చిన పని. 2021 జూన్ 7న తెరిస్తే మొరాయించింది, మర్నాడే ఆర్థిక మంత్రి ట్విట్టర్‌లో నిలదీశారు. ఆగస్టులో సీఈవోను పిలిపించి, బాగుచేయడానికి సెప్టెంబర్ 15 గడువు పెట్టారు. చివరికి వ్యక్తిగత రిటర్నుల గడువే డిసెంబర్ 31కి జరిగింది. జూన్ 7ను జరపలేకపోయిన వాళ్లు దేశం మొత్తానికి గడువు జరిపారు.

అంచనాకూ నిజానికీ మధ్య తేడాను ఎవరు పూడుస్తున్నారన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. ఉద్యోగి రాత్రులూ ఆదివారాలే. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అంటే దేశభక్తి గురించి చర్చించుకున్నాం. అందులో ఎన్ని గంటలు తప్పుడు తేదీలకు కట్టే వడ్డీ అని ఎవరూ అడగలేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది. వారానికి 48 దాటితే ఓవర్‌టైం ఇవ్వాలంది. బాగానే ఉంది. కానీ పనిచేసిన గంటలు ఎక్కించే టైమ్‌షీట్, నేను చూసినదాంట్లో రోజుకు 8 దాటి వేస్తే సిస్టమ్ తీసుకునేదే కాదు. రాత్రి రెండింటి దాకా కూర్చున్నవాడూ 8 అనే వేసి పడుకునేవాడు.

తర్వాతి ప్రాజెక్టుకు ఎస్టిమేట్ వేసింది ఆ టైమ్‌షీట్లు చూసే.