మీరు పెట్టిన ఖర్చు బండి ధర కాదు

పాత మోటార్‌సైకిల్ అమ్మేవాళ్లకి ఒక మాట చెప్పాలి. బిల్లులన్నీ తేదీల వారీగా ఫైలు చేసి దాచారు, సంతోషం. ఏ పని ఎప్పుడు జరిగిందో తెలుసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. కానీ వాటిని కూడితే వచ్చే మొత్తం బండి ధర కాదు, మీ సరదాకి అయిన ఖర్చు. దాన్ని నా చేత కట్టించాలని చూడకండి.

ఏ బేరానికి వెళ్లినా ఇదే వరస. ఇంజిన్ పనికి ఇంత, పెయింట్‌కి ఇంత, క్రోమ్‌కి ఇంత, కొన్నది ఇంతకి. చివర్లో ఒక ముక్క: "నేను లాభం కూడా అడగట్లేదండీ." వింటే ఒళ్లు మండుతుంది. మామూలు మోడళ్లలో చాలావాటిని పూర్తిగా విప్పి కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చు, అలా కట్టిన బండి పలికే ధరను దాటిపోతుంది. నష్టం లేకుండా బయటపడాలనుకోవడం కూడా అక్కడ లాభం అడగడమే. పైగా మీరు ఎంచుకున్న రంగు నాకు నచ్చకపోతే? ఆ పెయింట్ ఖర్చు నా దృష్టిలో మైనస్. దాన్ని గీకించే కూలీ మళ్లీ నేనే ఇచ్చుకోవాలి.

కొనేవాళ్లూ తక్కువేం తినలేదు. ఎక్కడో షెడ్డులో ట్యాంకూ చక్రాలూ లేకుండా పడున్న బండి ఎంతకి పోయిందో పట్టుకుని, ఒక్క కిక్‌కి లేచే బండికి అదే రేటు చెబుతారు. అమ్మేవాళ్లేమో వేలం వార్తలు తెస్తారు. 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ ఒకటి 2018లో 9,29,000 డాలర్లు పలికింది, నిజమే. 2023లో 1908 నాటి హార్లీ స్ట్రాప్ ట్యాంక్ 9,35,000 డాలర్లకు పోయింది, అదీ నిజమే. బ్లాక్ లైట్నింగ్ ముప్పై చిల్లర మాత్రమే తయారైన రేసు బండి. వేల సంఖ్యలో తయారైన బండికి దానితో ఏం సంబంధం? ఇంకోటి, వేలం సంస్థలు ప్రకటించే ధరలో సాధారణంగా కొనేవాడు వాళ్లకి కట్టే కమిషన్ కూడా కలిసి ఉంటుంది. అమ్మినవాడి చేతికి అంత రాదు.

నా లెక్క వేరు. అదే మోడల్, అదే సంవత్సరం, ఏ పనీ అక్కర్లేకుండా నడుస్తున్న బండి నిజంగా ఎంతకి అమ్ముడైందో ముందు కనుక్కుంటాను. ప్రకటనలో అడిగిన ధర కాదు. నెలల తరబడి అదే ప్రకటన కనిపిస్తోందంటే ఆ ధరకి ఎవరూ కొనలేదనే కదా! అక్కడి నుంచి ఈ బండికి కావాల్సిన పనుల ఖర్చు తీసేస్తాను. ఇంజిన్ విప్పితే ఇంకేదో బయటపడకుండా ఉండదు కాబట్టి దానికీ కొంత తీస్తాను. మిగిలింది న్యాయమైన ధర.

తీసేయాల్సింది ఎంత అన్న దగ్గరే అందరూ పొరబడతారు. పాడైపోయిన పార్టు కంటే అసలు లేని పార్టు ఖరీదు. కార్బురేటర్ అరిగిపోయి ఉంటే బాగు చేయొచ్చు, వస్తువు చేతిలో ఉంది. అసలుది పోయి వేరే ఏదో తగిలించి ఉంటే? పేరున్న మోడళ్లకి పిస్టన్లు, క్లచ్ ప్లేట్లు ఇప్పటికీ కొత్తవి చేస్తున్నారు, వాటి గురించి టెన్షన్ లేదు. ఒక్క ఏడాదే వచ్చిన సైడ్ ప్యానెల్, టూల్‌బాక్స్ మూత, సరైన స్పీడోమీటర్, ఇవి ఏడిపిస్తాయి. "చిన్న చిన్న సామానే లేదు, మిగతాదంతా ఉంది" అంటే ఆ చిన్న సామాను వాళ్లకీ దొరకలేదని అర్థం.

ఏ సంవత్సరం అన్నది కూడా చూడాలి. నార్టన్ కమాండో అన్నీ ఒకటి కావు. 1972లో కమాండోకి వేసిన కాంబాట్ అనే ఇంజిన్ మెయిన్ బేరింగులు (క్రాంక్ షాఫ్టుని మోసేవి) పాడు చేసుకుని చెడ్డపేరు తెచ్చుకుంది, తర్వాత సూపర్‌బ్లెండ్ బేరింగులు వేశాకే కుదుటపడింది. అవి వేశారా లేదా అని అడక్కుండా రేటు మాట్లాడటం దండగ. హోండా సీబీ750లో 1969 నాటి తొలి బండ్ల క్రాంక్‌కేసులు ఇసుక అచ్చుల్లో పోసినవి. అవి దాదాపు 7,400 మాత్రమే. ఆ అరుదైన తొలి బండ్లకి పలికే ధర తర్వాత వచ్చిన సీబీ750లన్నిటికీ వర్తిస్తుందని వాదించేవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను.

ఇక నంబర్లు. "మ్యాచింగ్ నంబర్స్", అంటే ఇంజిన్, ఫ్రేమ్ నంబర్లు ఫ్యాక్టరీ జత చేసినవే అనగానే ధర పెరిగిపోవాలా? ట్రయంఫ్ బోనవిల్‌లో ఇంజిన్ మీదా ఫ్రేమ్ మీదా ఒకే నంబరు ఉండాలి, కాబట్టి అక్కడ ఆ మాటకి విలువ ఉంది. సీబీ750కి ఫ్యాక్టరీలోనే రెండూ వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రెండు సిలిండర్ల విన్సెంట్ ట్విన్‌లలో మామూలుగా ఫ్రేమ్ నంబరు ఇంజిన్ నంబరు కంటే 1900 ఎక్కువ. ఏ కంపెనీ పద్ధతి ఏంటో తెలియకుండా ఆ ముక్క వల్లించేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. ట్రయంఫ్ వాళ్లు 1969 నుంచి ఇంజిన్ నంబరు కొట్టే చోట వెనకంతా చిన్న చిన్న లోగోలు అచ్చేశారు, గీకి మళ్లీ కొడితే తెలిసిపోవాలని. ఆ లోగోలు అరిగిపోయి నంబరు మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎంత తగ్గించాలా అని ఆలోచించొద్దు, వచ్చేయండి. కాగితాల్లో ఉన్న ఫ్రేమ్ నంబరు బండి మీద లేకపోయినా అంతే.

మెరుపు చూసి డబ్బు పెట్టేవాళ్ల మీద నాకు జాలి. మసి పూసి మారేడుకాయ చేయడం ఈ వ్యాపారంలో చాలా తేలిక, ఫ్రేమ్ మీద దట్టంగా రంగు కొడితే పాత వెల్డింగ్ అతుకులు కనపడవు. వెలిసిపోయినా సరే, ఫ్యాక్టరీ పెయింట్ ఉన్న బండికే నేను ఎక్కువిస్తాను. అది ఒకసారి పోతే మళ్లీ రాదు.

పొగ గురించి మాత్రం కొనేవాళ్లు అనవసరంగా బేరమాడతారు. చాలా పాత బ్రిటిష్ ట్విన్‌లలో బండి వారాల తరబడి కదలకుండా ఉంటే ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ మెల్లగా ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే నీలం పొగ కమ్మేస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. దానికే ఇంజిన్ పోయిందని సగం ధర చెప్పడం అన్యాయం. వేడెక్కాక కూడా ఆగకపోతే అప్పుడు మాట్లాడండి. అసలు వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు వచ్చేలోపే వేడి చేసి ఉంచారంటే చల్లగా ఉన్నప్పుడు ఏదో ఇబ్బంది పెడుతోందేమోనని అనుమానించాలి. పూర్తిగా చల్లారనివ్వమనండి, కూర్చుని కబుర్లు చెప్పండి. ఆ కబుర్లలోనే ఎన్నిసార్లు రీబోర్ (అరిగిన సిలిండర్‌ని కాస్త పెద్దగా కోయడం) అయిందో, ఇప్పుడు ఏ సైజు పిస్టన్ ఉందో అడిగేయండి. దొరికే పిస్టన్లలో చివరి సైజు వాడేసి ఉంటే తర్వాతి పని సిలిండర్‌లో స్లీవ్ (కొత్త లోపలి గొట్టం) వేయించడమే, అదీ లెక్కలో తీసేయాలి.

నాన్న నడిపిన బండి అని ఎక్కువ అడుగుతారు కొందరు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ అది నాతో పాటు ఇంటికి రాదు, మీ దగ్గరే ఉంటుంది. అంత ప్రేమ ఉంటే అమ్మకండి. అమ్మాలనుకుంటే నేను కాగితం మీద వేసిన లెక్క చూడండి, అందులో ఏ అంకె తప్పో చెప్పండి, దాని గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం.